ఉప్పు, చక్కెర, నీళ్లు – ఓ.ఆర్.ఎస్. కలపడంలో లెక్క



వార్డులో మంచం పక్కన కూర్చున్నవారి కళ్లు ఎప్పుడూ పైన వేలాడే సెలైన్ సీసా మీదే ఉంటాయి. బొట్టు బొట్టు లెక్క పెడుతుంటారు. ఆ సీసా మీద ఏం రాసి ఉందో మాత్రం చాలామంది చదవరు. డి.ఎన్.ఎస్. అనే సీసాను ఒకసారి చూడండి. డెక్స్ట్రోజ్ 5 శాతం, సోడియం క్లోరైడ్ 0.9 శాతం అని ఉంటుంది. డెక్స్ట్రోజ్ అంటే గ్లూకోజే. సోడియం క్లోరైడ్ అంటే మనం తినే ఉప్పే. అంటే అది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లే. కాకపోతే శుభ్రంగా, లెక్క ప్రకారం కలిపి సీలు వేసినవి. దాన్ని కలిపిన వారు ఆ లెక్క తప్పరు.

ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓ.ఆర్.ఎస్. కలిపేది మీరు. అక్కడ లెక్క చూడవలసింది కూడా మీరే. ఈ పాఠం అందుకోసమే.

ఒక అవ్వ చెప్పిన మాట

కొన్నేళ్ల క్రితం ఎండాకాలంలో బషీరాబాద్ మండలంలోని ఒక ఊరి నుండి ఏడాదిన్నర బాబును తాండూరు మీదుగా తీసుకువచ్చారు. రెండు రోజుల నుండి నీళ్ల విరేచనాలు. తల్లి బండల పాలిషింగ్ పనికి పోతే నాయనమ్మే చూసుకుంది. ఆమె నిర్లక్ష్యం చేయలేదు. దుకాణం నుండి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు తెప్పించి, పొద్దంతా చెంచాతో పట్టింది. అయినా బాబు దప్పికతో గింజుకున్నాడు, తరువాత మత్తుగా పడిపోయాడు, దారిలో ఫిట్స్ వచ్చాయి. రక్తపరీక్ష చేస్తే సోడియం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది.

"అవ్వా, ప్యాకెట్ ఎన్ని నీళ్లల్లో కలిపావు?" అని అడిగాను.

"ఒక్క గ్లాసు నీళ్లల్ల ప్యాకిట్ అంత పోసిన సిస్టరమ్మా. చిక్కగ ఉంటె జల్ది తాకత్ వస్తదనుకున్న" అన్నది.

ఎక్కువైన సోడియంను గబగబా దించకూడదు. అలా దించితే మెదడు వాస్తుంది. అందుకే డాక్టరుగారు రెండు రోజులు మెల్లమెల్లగా దించవలసి వచ్చింది. బాబు బాగుపడి ఇంటికి వెళ్లాడు. కానీ అవ్వ ఆ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ప్రేమలో ఆమె తక్కువేమీ చేయలేదు. ప్యాకెట్ వెనుక ఉన్న 'ఒక లీటరు' అనే మాట ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు, అంతే.

గాఢత అంటే ఏమిటి?

కరిగిన పదార్థం ఎంత, నీరు ఎంత అనే దాన్ని బట్టి ద్రావణం చిక్కదనం ఉంటుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో గాఢత అంటారు. లెక్క చాలా సులువు:

గాఢత = పదార్థం బరువు (గ్రాములు) ÷ ద్రావణం పరిమాణం (లీటర్లు)

లీటరులో 3 గ్రాముల ఉప్పు వేస్తే గాఢత లీటరుకు 3 గ్రాములు. అదే ఉప్పు అర లీటరులో వేస్తే 3 ÷ 0.5 = 6 గ్రాములు. ఉప్పు పెరగలేదు, నీరు తగ్గింది. అయినా గాఢత రెట్టింపయింది.

శాతం అంటే 100 మి.లీ.లో ఎన్ని గ్రాములు అని. పైన చెప్పిన 500 మి.లీ. డి.ఎన్.ఎస్. సీసాలో గ్లూకోజ్ 5 × 5 = 25 గ్రాములు, ఉప్పు 0.9 × 5 = 4.5 గ్రాములు ఉంటాయి.

రెండు పదార్థాలు కలిసినప్పుడు

మూడు సూత్రాలు గుర్తుంచుకోండి.

1. ఒక్కొక్క పదార్థాన్ని విడిగా లెక్క వేయాలి. ఉప్పు గాఢత వేరు, చక్కెర గాఢత వేరు.

2. రెండింటినీ భాగించేది మాత్రం ఒకే సంఖ్య, అంటే మొత్తం ద్రావణం. ఉప్పుకు అర లీటరు, చక్కెరకు అర లీటరు అని విడదీయకూడదు.

3. నీరు పెంచినా తగ్గించినా రెండింటి గాఢతా ఒకేసారి మారుతుంది. పదార్థం ఎక్కువ తక్కువ వేస్తే ఆ ఒక్కదాని గాఢతే మారుతుంది.

మూడో సూత్రమే అన్నిటికంటే ముఖ్యం. ఉప్పు ఎక్కువైందని చక్కెర వేస్తే నాలుకకు తియ్యగా అనిపించవచ్చు. కానీ ఉప్పు తగ్గదు. నాలుకను మోసం చేయవచ్చు గాని పేగును మోసం చేయలేము.

ఉప్పు, చక్కెర రెండూ ఎందుకు?

'గ్లూకోజ్ పొడి ఒక్కటే కలిపి ఇస్తే చాలదా?' అని చాలామంది అడుగుతారు. చాలదు. బండికి రెండు ఎడ్లు కట్టాలి. ఒక ఎద్దుతో కాడి లాగదు. మన చిన్నపేగు గోడలో సోడియంను, గ్లూకోజ్‌ను జోడుగా లోపలికి తీసుకుపోయే ద్వారాలున్నాయి. ఈ రెండూ కలిసి లోపలికి పోయినప్పుడు నీరు వాటి వెంట పోతుంది. విరేచనాలు ఎంత ఎక్కువగా ఉన్నా ఈ ద్వారాలు చాలావరకు పనిచేస్తూనే ఉంటాయి. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ఈ సంగతి ప్రకటించారు.

దీని బలం 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో శరణార్థులకు కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా లెక్కన ప్యాకెట్లు కట్టించారు. ఆ నీళ్లను తాగించింది ఎక్కువగా రోగుల బంధువులే. మీలాంటి వారే. అక్కడ మరణాలు నూటికి 30 వరకు ఉండేవి. ఆయన చూసిన శిబిరంలో నాలుగు లోపుకు దిగాయి. డాక్టరుగారు 2022లో కన్నుమూశారు. 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

ప్యాకెట్‌లో ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సూచించిన సూత్రం ప్రకారం ఒక లీటరు ప్యాకెట్‌లో ఇవి ఉంటాయి:

– గ్లూకోజ్: 13.5 గ్రాములు
– ఉప్పు (సోడియం క్లోరైడ్): 2.6 గ్రాములు
– ట్రైసోడియం సిట్రేట్: 2.9 గ్రాములు
– పొటాషియం క్లోరైడ్: 1.5 గ్రాములు
– మొత్తం: 20.5 గ్రాములు

దుకాణంలో చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. 20.5ను 5తో భాగిస్తే 4.1. అంటే 4 గ్రాముల పైచిలుకు ఉన్న చిన్న ప్యాకెట్ 200 మి.లీ. గ్లాసుకు. 20 గ్రాముల పైచిలుకు ఉన్న పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు. రెండూ చూడడానికి ఒకేలా ఉండవచ్చు. కాబట్టి కొనేటప్పుడే వెనుక ఉన్న నీటి కొలత చదవండి. చదువు రానివారు దుకాణదారునితోనో, బడికి పోయే పిల్లలతోనో చదివించుకోండి.

పెద్ద ప్యాకెట్‌ను సగం సగం చేసి కలపవద్దు. పొడిలో ఉప్పు ఒకవైపు, గ్లూకోజ్ ఒకవైపు చేరి ఉండవచ్చు. మీకు సగమే కనిపిస్తుంది గాని లోపల ఏది ఎంత వచ్చిందో తెలియదు. మొత్తం ప్యాకెట్‌ను మొత్తం లీటరులో కలిపి, కావలసినంత తీసుకోండి.

ఇంట్లో చదువుకునే పిల్లల కోసం

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు ఉంటే ఈ భాగం వారితో చేయించండి.

అరటిపండ్లను డజన్లలో లెక్క పెట్టినట్టు కంటికి కనబడని కణాలను మోల్‌లలో లెక్క పెడతారు. మోల్‌లో వెయ్యో వంతు మిల్లీమోల్. గ్రాములను అణుభారంతో భాగించి 1000తో గుణిస్తే మిల్లీమోల్‌లు వస్తాయి.

గ్లూకోజ్: 13.5 ÷ 180 × 1000 = 75
ఉప్పు: 2.6 ÷ 58.5 × 1000 = సుమారు 44
సిట్రేట్: 2.9 ÷ 294 × 1000 = సుమారు 10
పొటాషియం క్లోరైడ్: 1.5 ÷ 74.5 × 1000 = సుమారు 20

ఇప్పుడు సోడియం ఎంత? ఉప్పులో ఒక్కటే సోడియం ఉంటుంది కనుక 44. సిట్రేట్‌లో మూడు సోడియంలు ఉంటాయి కనుక 3 × 10 = 30. మొత్తం 74. దశాంశాలు సవరించి ప్యాకెట్ మీద 75 అని రాస్తారు. క్లోరైడ్ కూడా రెండు చోట్ల నుండి వస్తుంది. ఉప్పు నుండి 44, పొటాషియం క్లోరైడ్ నుండి 20, సుమారు 65. రెండు పదార్థాల్లో ఒకే భాగం ఉన్నప్పుడు, ఒక్కొక్కదాన్ని విడిగా లెక్క వేసి తరువాత కూడాలి. ఒక్క ఉప్పునే చూసి సోడియం 44 అనుకుంటే తప్పు.

అన్ని కణాలు కూడితే: 75 + 65 + 75 + 20 + 10 = 245. మన రక్తంలో ఇది సుమారు 285–290 ఉంటుంది. ఓ.ఆర్.ఎస్. రక్తం కంటే కొంచెం పలుచన కనుక పేగు నుండి నీరు రక్తంలోకి సులువుగా పోతుంది. 2002కు ముందున్న పాత సూత్రంలో ఇది 311. పలుచన చేసిన తరువాత విరేచనాలు, వాంతులు తగ్గి, సెలైన్ ఎక్కించవలసిన అవసరం కూడా తగ్గింది.

ఇక అవ్వ కలిపిన గ్లాసు లెక్క చూద్దాం. లీటరు ప్యాకెట్ 200 మి.లీ.లో పడింది. నీరు ఐదో వంతు కనుక అన్నీ ఐదు రెట్లు. సోడియం 75 × 5 = 375. మొత్తం కణాలు 245 × 5 = 1225. రక్తంలో సోడియం ఉండవలసింది 135–145 మాత్రమే. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నీరు ఊరుతుంది గదా! ఆ బాబు పేగులోనూ అదే జరిగింది. ఒంట్లో మిగిలిన నీరు కూడా పేగులోకి ఊరి విరేచనం ఎక్కువైంది. ఉప్పు మాత్రం రక్తంలో పేరుకుపోయింది.

ప్యాకెట్ దొరకనప్పుడు

రాత్రిపూట దుకాణం మూసి ఉంటే ఇలా చేయండి. ఒక లీటరు శుభ్రమైన నీటికి:

– చక్కెర 6 చెంచాలు
– ఉప్పు అర చెంచా

చెంచా అంటే 5 మి.లీ. టీ చెంచా. మందు సీసాతో వచ్చే 5 మి.లీ. కొలత అయితే ఇంకా మేలు. గోపురంలా కాకుండా కత్తి వీపుతో చదును చేసి కొలవాలి. చదును చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు, చదును చెంచా ఉప్పు సుమారు 6 గ్రాములు. కాబట్టి లీటరులో చక్కెర 24 గ్రాములు, ఉప్పు 3 గ్రాములు. శాతంలో చెబితే 2.4, 0.3. సోడియం 3 ÷ 58.5 × 1000 = సుమారు 51. ప్యాకెట్ కంటే తక్కువే, పొటాషియం అసలు లేదు. అందుకే ఇది తాత్కాలికం. తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోండి. ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

కలిపిన తరువాత ముందు మీరు ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుండి ఇల్లిల్లూ తిరిగి తల్లులకు చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో ఈ నీళ్లు కలపడం నేర్పింది. తల్లులకు ఎంత బాగా గుర్తుందో చూసి, దాన్ని బట్టే కార్యకర్తలకు జీతం ఇచ్చేవారు. చెప్పామా లేదా అన్నది కాదు, వారికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. మేమూ అందుకే డిశ్చార్జి రోజున మీతో ఒకసారి కలిపించి చూస్తాము. చిన్నతనంగా అనుకోకండి.

లీటరు ఎలా కొలవాలి?

మన ఇళ్లలో లోటాలు, చెంబులు, గ్లాసులు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. దుకాణంలో అమ్మే 1 లీటరు నీళ్ల బాటిల్‌ను శుభ్రంగా కడిగి కొలతకు పెట్టుకోండి. ఆ బాటిల్ నీళ్లతో మీ గ్లాసు ఎన్నిసార్లు నిండుతుందో చూడండి. ఐదుసార్లయితే అది 200 మి.లీ., నాలుగుసార్లయితే 250 మి.లీ. గ్లాసు. ఒక్కసారి చూసుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

నీటిని ముందు కాచి, చల్లార్చి, తరువాత కొలిచి కలపండి. కలిపిన తరువాత కాచకూడదు. లీటరు మరిగి 800 మి.లీ. అయితే సోడియం 75 ÷ 0.8 = సుమారు 94 అవుతుంది. కలిపిన నీళ్లపై మూత పెట్టి 24 గంటల్లో వాడండి. మిగిలితే పారబోయండి.

పొరపాటు జరిగితే

ప్యాకెట్‌ను అర లీటరులో కలిపారనుకోండి. ఇంకో అర లీటరు నీరు పోస్తే సరిపోతుంది. ఎందుకంటే అన్నీ ఒకే లెక్కన రెట్టింపయ్యాయి, ఒకే లెక్కన సగమవుతాయి.

కానీ ఇంట్లో కలిపేటప్పుడు అర చెంచా బదులు నిండు చెంచా ఉప్పు పడితే నీరు ఒక్కటే పోయడం సరిపోదు. ఉప్పు 6 గ్రాములు, చక్కెర 24 గ్రాములు ఉన్నాయి. ఇంకో లీటరు పోస్తే ఉప్పు లీటరుకు 3 అయింది, బాగానే ఉంది. చక్కెర మాత్రం 12కు పడిపోయింది. ఇంకో 6 చెంచాల చక్కెర వేస్తే గాని సరికాదు. జ్వరం, ఏడుపు, కంగారు మధ్య ఈ లెక్కలు చేయడం కంటే పారబోసి కొత్తగా కలపడమే క్షేమం. గుప్పెడు చక్కెర పోతే పోనివ్వండి.

తియ్యని డ్రింకులు వద్దు

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌ను పాలలో, పండ్ల రసంలో, కూల్‌డ్రింకులో కలపకూడదు. అదనంగా చక్కెర వేయకూడదు. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. చక్కెర ఏడెనిమిది రెట్లు, సోడియం నామమాత్రం. ఒక ఎద్దు ఏనుగంత, రెండోది కోడిపిల్లంత అయితే బండి ఎలా సాగుతుంది?

అట్టపెట్టెల్లో వచ్చే కొన్ని తియ్యని పానీయాలు పేరులో ఓ.ఆర్.ఎస్. అని పెట్టుకుని అమ్ముడుపోయేవి. దీనిపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన సూత్రం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. అయినా మీ జాగ్రత్తలో మీరుండండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.

ఎంత తాగించాలి? ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

ప్రతి విరేచనం తరువాత రెండేళ్ల లోపు పిల్లలకు 50–100 మి.లీ., రెండు నుండి పదేళ్ల వారికి 100–200 మి.లీ., పెద్దలకు కావలసినంత. పసివారికి చెంచాతో మెల్లగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా మెల్లగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరు ఇచ్చిన జింక్ మాత్రలు విరేచనాలు తగ్గినా చెప్పినన్ని రోజులూ వేయండి. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవారు డాక్టరును అడిగి వాడాలి.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఆలస్యం చేయక తీసుకురండి: మత్తుగా ఉండడం, తాగలేకపోవడం, ఏది తాగినా వాంతి కావడం, కళ్లు గుంటలు పడడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, ఫిట్స్. వచ్చేటప్పుడు వాడిన ప్యాకెట్, కలిపిన గ్లాసు కూడా తెండి. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, లెక్క తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

అభ్యాసం

1. మీ కుండలో ఒకటిన్నర లీటరు నీళ్లు పడతాయి. ఇంట్లో కలిపే ద్రావణానికి ఎంత ఉప్పు, ఎంత చక్కెర కావాలి?
జవాబు: ఉప్పు 3 × 1.5 = 4.5 గ్రాములు, అంటే ముప్పావు చెంచా. చక్కెర 24 × 1.5 = 36 గ్రాములు, అంటే 9 చెంచాలు.

2. లీటరు ప్యాకెట్‌ను 750 మి.లీ.లో కలిపారు. సోడియం ఎంత? ఎలా సరిచేయాలి?
జవాబు: 75 ÷ 0.75 = 100. ఇంకో 250 మి.లీ. నీరు పోయాలి.

3. ద్రావణం ఉప్పగా ఉందని చక్కెర వేశారు. ఉప్పు గాఢత ఎంత తగ్గింది?
జవాబు: ఏమీ తగ్గలేదు. పారబోసి మళ్లీ కలపాలి.

గుర్తుంచుకోండి

చిక్కగా ఉంటే బలం కాదు. పెద్ద ప్యాకెట్ – ఒక లీటరు. చిన్న ప్యాకెట్ – 200 మి.లీ. గ్లాసు. ఇంట్లో అయితే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, లీటరు నీరు. ఈ మాటలు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించండి. ఇంట్లో పిల్లలను చూసుకునే అవ్వకు, తాతకు ఈ రోజే చదివి వినిపించండి.